పాత ఇంటి పైకప్పు అంచులు: పిట్టగోడ, తూము, సజ్జల మరమ్మతు ఎలా చేయాలి

పాత ఇల్లు ఉరవడం మొదలైతే అందరి చూపూ డాబా నడుమ మీదికే పోతుంది. నాలుగు డబ్బాల వాటర్‌ప్రూఫింగ్ పెయింటు తెచ్చి పూయిస్తారు, లేదంటే అంగుళం మందాన కొత్త మాలు పోయిస్తారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అదే గోడకు అదే చెమ్మ. హైదరాబాదు పాత ఇళ్లలో నీళ్లు ఎక్కువగా దిగేది అంచుల నుంచే. చూడాల్సిన చోట్లు నాలుగు: పిట్టగోడ తల, పిట్టగోడ స్లాబును కలిసే మూల, తూము చుట్టుపక్కల, సజ్జ గోడలోకి వెళ్లే చోటు. ఈ నాలుగూ బాగుచేయకుండా నడుమ మీద పెట్టే ఖర్చంతా వృథా.

కారణం మన ఎండలోనే ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో స్లాబు పైముఖం 60 డిగ్రీల దాకా కాగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున అదే స్లాబు 12, 13 డిగ్రీలకు చల్లబడుతుంది. స్లాబు మందం మొత్తం మీద 30 డిగ్రీల తేడానే లెక్క వేసుకున్నా, 10 మీటర్ల పొడవున్న కాంక్రీటు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. దాని పక్కనున్న ఇటుక గోడ కదిలేది అందులో ఇంచుమించు సగమే. ఈ తేడా అంతా పిట్టగోడ మొదట్లో పగులుగా బయటపడుతుంది. అందుకే అక్కడ గట్టి సిమెంటు ఎన్నిసార్లు నింపినా మళ్లీ మళ్లీ విచ్చుకుంటుంది.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

దీపావళి నుంచి శివరాత్రి దాకా. వానలు వెనకబట్టాక గోడలకు నెల రోజులు ఆరే సమయం దొరుకుతుంది, గాలి పొడిగా ఉంటుంది, మాలులోని నీళ్లు గంటలో ఎగిరిపోవు. ఇంకో లాభం కూడా ఉంది. చలికి స్లాబు ముడుచుకుని ఉంటుంది కాబట్టి పగులు ఎంత వెడల్పవగలదో అంతా తెరుచుకుని కనిపిస్తుంది. అప్పుడు నింపిన సీలెంటు (రబ్బరులా సాగే, సందులు మూసే పదార్థం) ఎండాకాలంలో నొక్కుకుపోతుందే తప్ప తెగదు. మే నెలలో మూసుకుపోయిన పగులుకు పైపైన పూస్తే చలికాలం వచ్చేసరికి సాగి చిరుగుతుంది.

చలికాలంలో జాగ్రత్త పడాల్సింది మంచు విషయంలో. పొద్దున్నే డాబా మీద సన్నటి తడి ఉంటుంది, దాని మీద ఏ పూతా పట్టదు. 10 గంటల తర్వాతే బ్రష్షు ముట్టండి. లోపలి తడి తెలియాలంటే 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో అంటించి 16 గంటలు వదలండి. కవరు కింద నీటి బొట్లు చేరితే స్లాబు ఇంకా ఆరలేదని అర్థం.

మీ కప్పు ఏ రకమో ముందు తేల్చుకోండి

1960, 70 లలో కట్టిన నల్లకుంట, హిమాయత్‌నగర్ ఇళ్లలో ఎక్కువగా సిమెంటు కాంక్రీటు స్లాబులుంటాయి. అంతకుముందువి వేరు. పాతబస్తీ, సుల్తాన్‌బజార్ వైపు ఇనుప గడ్డర్ల మీద షాబాదు బండలు పరిచి, పైన సున్నపు కాంక్రీటు దట్టించిన కప్పులు చాలా ఉన్నాయి. గడ్డర్ల నడుమ ఇటుకలతో చిన్న కమాన్లు తిప్పినవీ ఉన్నాయి. సికింద్రాబాదు, మారేడుపల్లి పాత బంగళాలకు పెంకుల కప్పులు.

గోడ సున్నంతో కట్టిందా, సిమెంటుతోనా అన్నది ఇంకా ముఖ్యం. ఒక మూలన ఇటుకల మధ్య మాలును మేకుతో గీకి చూడండి. తెల్లగా లేదా సుర్ఖీ (ఇటుక పొడి) రంగులో, మెత్తగా పొడిలా రాలితే సున్నం. బూడిద రంగులో ఉండి మేకుకు లొంగకపోతే సిమెంటు. సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరు వేయిస్తే గోడ లోపలి చెమ్మకు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. చెమ్మతో పాటు లవణాలు లోపలే పేరుకుని ఇటుక ముఖాన్ని పొడి చేస్తాయి. నాలుగైదేళ్లకు ఆ ప్లాస్టరు ఇటుక పొరతో సహా పలకలుగా ఊడిపడుతుంది. పాత ఇళ్లకు జరిగే నష్టాల్లో మనసుకు ఎక్కువ కష్టం కలిగించేది ఇదే, ఎందుకంటే బాగుచేయాలన్న ఉద్దేశంతో చేసిన పనే గోడను తినేస్తుంది.

మొదటి పని: మొక్కలు

పిట్టగోడ పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొక్కలు పక్షుల రెట్టల్లోని విత్తనాల నుంచి వస్తాయి. చేత్తో పీకితే కొమ్మ వస్తుంది, వేరు మిగులుతుంది. మిగిలిన వేరు ఇంకా లావెక్కి ఇటుకలను విడదీస్తుంది. కాండాన్ని రెండు మూడు అంగుళాల మోడు మిగిల్చి కోయాలి. కోసిన కొద్ది నిమిషాల్లోనే, గాయం పచ్చిగా ఉండగానే, మోడు మీద కలుపు మందు బ్రష్షుతో పూయాలి. గ్లైఫోసేట్ వాడకాన్ని 2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది కాబట్టి ఆ పని లైసెన్సు ఉన్నవాళ్లతోనే చేయించండి. మూడు నాలుగు వారాలకు వేరు ఎండుతుంది. అప్పుడు ఆ భాగం విప్పి, వేరు మొత్తం తీసి, మళ్లీ కట్టాలి. ఆసిడ్ మాత్రం పోయకండి. అది వేరు కంటే ముందు సున్నపు మాలును కరిగిస్తుంది.

వేరు మణికట్టంత లావైతే గోడను నిలబెడుతున్నది అదే కావచ్చు. అలాంటి చోట ఒకేసారి లాగకుండా పై వరస నుంచి ఒక్కో వరస ఇటుకలు దించుకుంటూ రండి. కింద వీధి ఉంటే తాడు కట్టి, మనిషిని నిలబెట్టి, ఆ తర్వాతే సుత్తి పట్టండి. కరెంటు తీగలు పిట్టగోడకు దగ్గరగా పోతుంటే లైను ఆపించనిదే ఇనుప పైపుల స్కాఫోల్డింగ్ లేపవద్దు.

తూములు

100 చదరపు మీటర్ల డాబా మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్ల నీళ్లు. మన దగ్గర జోరు వాన అరగంటలోనే కుమ్మరించి పోతుంది, కాబట్టి తూము ఇరుకైతే నీళ్లు నిలిచి పిట్టగోడ మొదట్లోకి ఎక్కుతాయి. 40 చదరపు మీటర్లకు ఒక 4 అంగుళాల గొట్టం చొప్పున పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. డాబాకు ఒకటే తూముంటే, దానికి రెండంగుళాల ఎత్తులో పిట్టగోడకు ఇంకో కన్నం పెట్టించండి. వేపాకులు, గాలిపటాల ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు అడ్డుపడినప్పుడు కాపాడేది ఆ రెండోదే.

తూము దగ్గర చేయాల్సిన పని ఇలా ఉంటుంది. తూము ముందు 18 అంగుళాల చదరంలో పాత మాలు తీసేసి, మిగతా డాబా కంటే ఒక అంగుళం పల్లంగా చేయాలి. గొట్టం గోడలోంచి పోయేచోట చుట్టూ వదులుగా ఉన్న మాలంతా ఉలితో తీసి, కుంచించుకుపోని గ్రౌటు (సందులు నింపే సిమెంటు మిశ్రమం) దట్టించాలి. మామూలు మాలు ఆరేటప్పుడు గొట్టం నుంచి వెంట్రుక వాసి విడిపోతుంది, నీళ్లకు ఆ సందు చాలు. ప్లాస్టిక్ గొట్టం నున్నగా ఉండి మాలును పట్టుకోదు కాబట్టి ముందు ఉప్పుకాగితంతో గరుకు చేయండి. గొట్టం నోటికి పళ్లెంలాంటి చదును జాలీ కాకుండా బుడగలా పైకి లేచిన జాలీ పెడితే ఆకులు పైన ఆగినా పక్కల నుంచి నీళ్లు పోతాయి.

గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే పాత రాతి తూములుంటే వాటిని తీసేయకండి. అవి గోడ ముఖం నుంచి కనీసం 10, 12 అంగుళాలు బయటికి ఉండాలి. విరిగి పొట్టిదైతే నీళ్లు గోడ మీదుగా జారతాయి, కింది అంతస్తు గదిలో చెమ్మ కనిపిస్తుంది.

డాబా వాటం కూడా ఇప్పుడే చూసుకోండి. 10 అడుగులకు అంగుళంన్నర పల్లం ఉండాలి. రసమట్టం లేకపోతే సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి రెండు చివరలూ పోల్చితే సరిపోతుంది. వాటం చాలకపోతే పాత పొర తీసి కొత్తది వేయాలి. పాతదాని మీదే పోయించడం ప్రమాదం. ఒక అంగుళం మాలు చదరపు మీటరుకు 50 కిలోల పైన తూగుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద అలా మూడుసార్లు పోయించి ఉంటే 15 టన్నులు అదనంగా ఎక్కినట్టు. ఎప్పుడో వేసిన గడ్డర్లు ఆ బరువు లెక్కలో లేకుండా వేసినవి.

పిట్టగోడ తల

గోడ తల మీద పగిలిన ప్లాస్టరంతా తీసేయండి. డిష్ యాంటెనా బోల్టులు, బట్టల తీగ కొక్కేలు, తుప్పుపట్టిన పందిరి గుంజలు అన్నీ పీకించండి. ఒక్కో కన్నం గోడ లోపలికి నీళ్లు దించే గొట్టం. మళ్లీ కావాలంటే వాటిని గోడ లోపలి ముఖానికి, తల నుంచి కనీసం 8 అంగుళాలు కిందికి బిగించుకోవచ్చు.

మంచి పద్ధతి రాతి కోపింగ్, అంటే గోడ తల మీద రాయి కప్పడం. 9 అంగుళాల గోడకు 13 అంగుళాల వెడల్పు రాయి తీసుకుంటే రెండు వైపులా రెండేసి అంగుళాలు బయటికి వస్తుంది. తాండూరు, షాబాదు రాయి అయితే అంగుళంన్నర మందం ఉండాలి. అది పొరల రాయి, పలుచనిది అంచు దగ్గర పొరలుగా లేస్తుంది. కొనేటప్పుడు సుత్తితో తట్టండి, గంటలా ఖంగుమనాలి. రాతి అడుగు ముఖాన అంచుకు అంగుళం లోపల, అర అంగుళం వెడల్పున నీటి గాడి కోయించాలి. ఈ గాడి లేకపోతే బొట్టు రాతి అడుగునే పాకి గోడకు చేరుతుంది, రాయి పెట్టిన ప్రయోజనమే ఉండదు. మేస్త్రీలు ఎక్కువగా వదిలేసే పని ఇదే కాబట్టి రాళ్లు పైకి ఎక్కించక ముందే గాడి ఉందో లేదో చూసుకోండి.

రాయిని డాబా వైపుకు అర నుంచి ముప్పావు అంగుళం వాలుగా కూర్చోబెట్టాలి. వీధి వైపు వాలితే దుమ్ము కలిసిన నీళ్లు ముందు గోడను చారలు చేస్తాయి. రాయికీ రాయికీ మధ్య పావు అంగుళం సందు వదిలి, అందులో పాలీయురేథేన్ సీలెంటు నింపండి. ఆ సందులో సిమెంటు నింపితే మొదటి వేసవికే విడిపోతుంది.

పిట్టగోడకే నిలువు పగులుంటే, 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు మెలికల కడ్డీలను ఇటుక వరసల మధ్య మాలులో గాడి తీసి కూర్చోబెట్టాలి. పగులుకు ఇటు 20 అంగుళాలు, అటు 20 అంగుళాలు, ప్రతి నాలుగైదు వరసలకు ఒకటి. గోడ పక్కకు వాలితే మాత్రం ఈ కడ్డీల కుట్టుపని పనికిరాదు. మట్టగుండు వేసి చూసి, వాలు గోడ మందంలో పదోవంతు దాటితే దించి కట్టించండి.

గోడా స్లాబూ కలిసే మూల

ఇల్లు ఉరవడానికి మూలకారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది, అందుకే ఈ పనిలో తొందర వద్దు.

1. మూల పొడవునా అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం లోతు గాడి తీయండి. బ్రష్షుతో, తర్వాత బ్లోయరుతో దుమ్మంతా పోగొట్టండి. దుమ్ము మీద ఏదీ పట్టదు.

2. గాడిలో మెత్తటి నురుగు తాడు దూర్చి, పైన సీలెంటు నింపండి. సీలెంటు లోతు దాని వెడల్పులో సగం ఉంటే బాగా సాగుతుంది. లోతు ఎక్కువైతే గట్టిగా ఉండి అంచుల దగ్గర ఊడుతుంది.

3. మర్నాడు మూలన వాలుగా మాలు పట్టీ వేయండి, వాటర్‌ప్రూఫింగ్ పనివాళ్లు గోలా అనేది దీన్నే. గోడ మీదికి 3 అంగుళాలు, స్లాబు మీదికి 3 అంగుళాలు. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుక. 100 అడుగుల చుట్టుకొలతకు ఇంచుమించు ఒక బస్తా సిమెంటు, 105 లీటర్ల ఇసుక పడుతుంది. బస్తాకు 5 నుంచి 7 లీటర్ల లేటెక్స్ (మాలు పట్టు పెంచే పాల లాంటి ద్రవం) కలపండి, ఆ మేరకు నీళ్లు తగ్గించండి. రోబో శాండ్ (రాయిని నలగ్గొట్టి చేసే ఇసుక) వాడితే కడిగి వాడాలి. అందులో రాతి పిండి ఎక్కువుంటే మాలు సన్నటి వల పగుళ్లు తీస్తుంది.

4. రెండు రోజులు తడి గోనెసంచులు కప్పి, తర్వాత వారం ఆరనివ్వండి.

5. గోలా మీద సాగే వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, తడిగా ఉండగానే ఫైబర్ మెష్ పరిచి, పైన రెండో పూత, ఆరాక మూడోది. గోడ మీదికి కనీసం 9 అంగుళాల ఎత్తు, స్లాబు మీదికి 6 అంగుళాలు పూత రావాలి. గోలాలో తర్వాత సన్న గీత వచ్చినా మెష్ ఉన్న పూత నీళ్లను ఆపుతుంది.

6. గోడ మీద పూత ముగిసే చోట ప్లాస్టరులో చిన్న గాడి కోసి, పూత అంచును అందులోకి మడిచి సీలెంటు పెట్టండి. ఇది చేయకపోతే పైనుంచి జారే నీళ్లు పూత వెనక్కి దిగి, లోపలి నుంచి ఊడదీస్తాయి.

అంచులన్నీ పూర్తయ్యాక డాబా మొత్తానికి తెల్లటి చలువ పూత వేయించడం మంచిది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇళ్లలో వేడి తగ్గించడానికే కానీ, స్లాబు తక్కువ కాగితే తక్కువ కదులుతుంది, మీరు చేసిన మూల ఎక్కువ కాలం నిలుస్తుంది.

సున్నపు గోడలైతే

మూల దగ్గర పని పద్ధతి అదే, మాలు మారుతుంది. కనీసం నెల నానిన సున్నపు ముద్ద 1 పాలు, సుర్ఖీ 1 పాలు, గరుకు ఇసుక 1 పాలు. కాల్చిన సున్నపు రాయిని ఇంట్లోనే విరియించాలంటే, అంటే నీళ్లలో వేసి ముద్ద చేయాలంటే, డ్రమ్ములో ముందు నీళ్లు పోసి అందులో రాయి వేయండి. రాయి మీద నీళ్లు పోస్తే ఉడికి చిమ్ముతుంది, కళ్లు పోతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

పొర అర అంగుళం మించకూడదు. పొరకూ పొరకూ మధ్య వారం ఆగాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా రాయవుతుంది, దానికి తడి కావాలి. మన పొడి గాలికి త్వరగా ఎండితే సుద్దలా రాలిపోతుంది కాబట్టి 14 రోజులు తడి గోనెసంచులు కప్పి, రోజుకు మూడు సార్లు చల్లండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పాత అలవాటు సున్నానికే సరిపోతుంది. సిమెంటులో బెల్లం నీళ్లు పడితే గట్టిపడడం ఆలస్యమై పనంతా పాడవుతుంది. ముందు ఒక అడుగు చదరంలో నమూనా వేసి రెండు వారాలు చూసి, తర్వాతే మొత్తం మొదలుపెట్టండి.

2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెళ్ళ ఊడిపడ్డప్పుడు బాగుచేసింది కూడా సున్నంతోనే. కట్టడం ఏ మాలుతో కట్టారో మరమ్మతూ దానితోనే.

సజ్జలు

సజ్జ ఒక వైపే గోడలో పట్టుకుని గాలిలో నిలబడుతుంది. దాని బలమంతా పైముఖంలో ఉన్న కడ్డీలది. కాబట్టి సజ్జ అడుగున పెచ్చులూడటం కంటే, పైన గోడ మొదట్లో అడ్డంగా వచ్చిన పగులు ఎక్కువ ప్రమాదకరం. అది కనిపిస్తే మరమ్మతు సంగతి తర్వాత, ముందు కింద జాక్ పోస్టులు (ఎత్తు సరిచేసుకునే ఇనుప ఊతలు) పెట్టించి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. సజ్జ మీద ఎవరినీ నిలబడనివ్వకండి. ఏసీ బయటి యూనిట్లు సజ్జ మీద ఉంటే గోడకు బ్రాకెట్లు బిగించి వాటి మీదికి మార్చండి. బరువు ఒక సమస్య అయితే, ఏసీ డ్రెయిన్ గొట్టాన్ని సజ్జ మీదే వదిలేస్తే వేసవంతా కారే నీళ్లు ఇంకో సమస్య.

అడుగున తుప్పు మాత్రమే ఉంటే పని ఇలా. ముందు జాక్ పోస్టులు. సుత్తితో తట్టుకుంటూ పోయి డొల్ల శబ్దం వచ్చినంత మేర సుద్దముక్కతో గీయండి. ఆ మేర కాంక్రీటును కడ్డీ వెనక ముప్పావు అంగుళం దాకా తొలగించాలి. కడ్డీ ముందు సగం మాత్రమే శుభ్రం చేస్తే వెనక సగం తుప్పు ఉబ్బి కొత్త మాలును మళ్లీ తోసేస్తుంది. తుప్పంతా వైరు బ్రష్షుతో మెరిసేదాకా తీయండి. కడ్డీ మందంలో నాలుగో వంతు పోయి ఉంటే పక్కన కొత్త కడ్డీ కట్టించాలి. తర్వాత తుప్పు నిరోధక పూత రెండు సార్లు, దాని మీద లేటెక్స్ కలిపిన 1:3 మాలు అర అంగుళం పొరలుగా. చివర్లో అంచు అడుగున నీటి గాడి మరచిపోవద్దు, పైముఖం బయటికి వాలి ఉండాలి.

షాబాదు బండే బయటికి వచ్చి సజ్జగా ఉన్న ఇళ్లలో పగిలిన బండను అతికించవద్దు, మార్చాల్సిందే. ఆ బండ తీసినప్పుడు గోడలోకి దిగిన గడ్డరు చివర కనిపిస్తుంది. ఇంట్లో ఎక్కడా తుప్పు లేకపోయినా అక్కడ ఉంటుంది. శుభ్రం చేసి రెడ్ ఆక్సైడు రెండు పూతలు వేయడానికి మళ్లీ ఇలాంటి అవకాశం రాదు. ఇటుక కమాన్ల కప్పులో గడ్డర్లను కలిపే అడ్డ కడ్డీలను ఎవరు చెప్పినా కోయనివ్వకండి. అవి పోతే కమాను పక్కకు తోస్తుంది.

పెంకుల ఇళ్లకు అంచు దగ్గరి రెండు వరసలే కీలకం. ఏప్రిల్, మే గాలిదుమారాలకు మొదట లేచేవి అవే. వాటిని కింది రీపరుకు (పెంకులను మోసే చెక్క పట్టీకి) జీఐ తీగతో కట్టండి. రీపర్లలో చెదలు పట్టిన ముక్కలు మార్చండి, కొప్పు పెంకులను సున్నపు మాలుతో మళ్లీ కూర్చోబెట్టండి.

నీళ్లు పోసి చూడండి

కాంక్రీటు స్లాబు గట్టిగా ఉంటే తూములు మూసి అంగుళం నీళ్లు 24 గంటలు నిలపవచ్చు. గడ్డర్లు, బండలు, కమాన్ల కప్పు మీద అలా నిలపకండి. అక్కడ పైపుతో పరీక్షించాలి. కింది నుంచి పైకి వెళ్లండి: ముందు తూము దగ్గర 20 నిమిషాలు, తర్వాత మూల, ఆ తర్వాతే కోపింగ్ సందులు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని చోట్లా పారి, ఏ చోటు నుంచి దిగాయో తెలియదు. కింద గదిలో ఒకరు టార్చి పట్టుకుని గోడ పైభాగం చూస్తూ ఉండాలి. చెమ్మ కనిపించగానే పైపు ఆపి, ఆ సమయంలో పైన ఎక్కడ పోస్తున్నారో అక్కడ గుర్తు పెట్టుకోండి. అటు మూడడుగులు, ఇటు మూడడుగులు విప్పి, సీలెంటు నుంచి మళ్లీ చేయండి. మృగశిర కార్తెకు నెల ముందే ఈ పరీక్ష పూర్తయితే, విప్పి చేసిన చోటు ఆరడానికి సమయం ఉంటుంది.